ఫోన్ ఎత్తని ఓటరును లెక్కలోకి తేవడం: అధ్యక్ష ఎన్నికకు ముందు రాష్ట్ర సర్వే చేసే పద్ధతి

అమెరికా అధ్యక్ష ఎన్నిక పేరుకు ఒకటే, లెక్క మాత్రం రాష్ట్రాల వారీగా తేలుతుంది. అధ్యక్షుణ్ణి నిర్ణయించేవి రాష్ట్రాలకు పంచిన ఎలక్టోరల్ ఓట్లు. అవి మొత్తం 538, గెలవాలంటే 270. మెయిన్, నెబ్రాస్కా తప్ప మిగతా 48 రాష్ట్రాల్లో ఒక్క ఓటు ఆధిక్యం వచ్చినా ఆ రాష్ట్రం ఎలక్టోరల్ ఓట్లన్నీ ఆ అభ్యర్థికే. 2016లో దేశం మొత్తం మీద హిల్లరీ క్లింటన్‌కు ట్రంప్ కంటే దాదాపు 29 లక్షల ఓట్లు ఎక్కువ వచ్చినా ఆమె ఓడిపోయారు. అందుకే దేశవ్యాప్త సర్వే ఎంత పెద్దదైనా, ఎవరు గెలుస్తారో తెలియాలంటే రాష్ట్ర సర్వేలే దిక్కు.

పెన్సిల్వేనియాను ఉదాహరణగా పెట్టుకుని ఆ పని మొదటి నుంచి చివరి దాకా ఎలా చేయాలో చూద్దాం. 2024లో ఆ రాష్ట్రానికి 19 ఎలక్టోరల్ ఓట్లు ఉన్నాయి. 2016లో ట్రంప్ అక్కడ 44,292 ఓట్లతో గెలిచారు, 2020లో బైడెన్ 80,555 ఓట్లతో గెలిచారు, 2024లో మళ్లీ ట్రంప్ సుమారు 1.7 పాయింట్ల తేడాతో గెలిచారు. సుమారు 70 లక్షల ఓట్లు పోలయ్యే చోట తేడా ఇంత సన్నగా ఉంటే చిన్న పొరపాటు కూడా ఫలితాన్ని తలకిందులు చేస్తుంది.

ఒక మాట ముందే చెప్పాలి. సర్వే అంటే ప్రశ్నలడిగి జవాబులు కూడటం అనుకుంటే సగం పని కూడా అర్థం కానట్టే. నూరు నంబర్లకు ఫోన్ చేస్తే జవాబిచ్చేది ఒకరో ఇద్దరో. మిగతా 98 మంది ఎవరు, జవాబిచ్చినవాళ్లకూ వాళ్లకూ తేడా ఏమిటి అన్నదే అసలు పని. కింద చెప్పే ప్రతి మెట్టూ దాని కోసమే.

జాబితా ఎక్కడి నుంచి తేవాలి

పాత పద్ధతిలో కంప్యూటర్ యాదృచ్ఛికంగా పుట్టించిన నంబర్లకు ఫోన్ చేసేవారు. రాష్ట్ర సర్వేకి ఇప్పుడు అది సరిపోదు, ఎందుకంటే సెల్ నంబర్ మనిషితో పాటు ఊళ్లు తిరుగుతుంది. చదువుకోవడానికి డల్లాస్ వచ్చి అక్కడ 469తో మొదలయ్యే నంబర్ తీసుకున్న తెలుగాయన ఉన్నాడనుకోండి. ఇప్పుడు పెన్సిల్వేనియా ఛెస్టర్ కౌంటీలోని ఎక్స్‌టన్‌లో ఇల్లు కొనుక్కుని ఓటు హక్కు తెచ్చుకున్నా నంబర్ పాతదే ఉంటుంది. పెన్సిల్వేనియా ఏరియా కోడ్‌లైన 215, 412, 610, 717 పట్టుకుని ఫోన్లు చేస్తే ఆయన ఎప్పటికీ దొరకడు. పైగా ఆ కోడ్‌తో దొరికినవాళ్లలో కొందరు ఫ్లోరిడాలో ఉంటారు.

కాబట్టి ఓటర్ల జాబితా నుంచే శాంపిల్ తీయండి. పెన్సిల్వేనియా రాష్ట్ర ప్రభుత్వం పూర్తి జాబితాను 20 డాలర్లకు ఇస్తుంది. నార్త్ కరోలినా వెబ్‌సైట్‌లో ఉచితంగా పెడుతుంది, విస్కాన్సిన్‌లో మొత్తం జాబితా కావాలంటే 12,500 డాలర్లు అవుతుంది. పెన్సిల్వేనియా జాబితాలో పేరు, చిరునామా, వయసు, నమోదు తేదీ, ఏయే ఎన్నికల్లో ఓటు వేశారన్న చరిత్ర ఉంటాయి. ఎవరికి వేశారన్నది ఉండదు. ఓటరు నమోదు చేసుకున్న పార్టీ కూడా ఉంటుంది, అది పెద్ద సౌకర్యం. విస్కాన్సిన్, మిషిగన్, జార్జియాల్లో పార్టీ నమోదు లేదు. జార్జియా జాబితాలో జాతి వివరం ఉంటుంది, పెన్సిల్వేనియాలో ఉండదు. ఒక రాష్ట్రంలో కుదిరిన పద్ధతిని పక్క రాష్ట్రానికి అలాగే తీసుకుపోకండి.

ప్రభుత్వ జాబితాలో ఫోన్ నంబర్లు చాలా చోట్ల ఖాళీగా ఉంటాయి, ఉన్నవి పాతబడి ఉంటాయి. అందుకే ఎల్‌2, టార్గెట్‌స్మార్ట్ లాంటి సంస్థలు నంబర్లు జతచేసి అమ్మే జాబితాలు కొంటారు. అప్పుడూ అందరికీ నంబర్ దొరకదు. దొరకనివాళ్లలో అద్దె ఇళ్లు మారేవాళ్లు, కుర్రవాళ్లు, కొత్తగా నమోదైనవాళ్లు ఎక్కువ. నంబర్ లేనివాళ్లను పక్కన పెట్టేస్తే మొదటి చిల్లు అక్కడే పడుతుంది. వాళ్లకు పోస్టు కార్డు మీద వెబ్ లింకు పంపడం ఒక దారి. నంబర్ ఉన్నవాళ్లలోనే అదే వయసు, అదే ప్రాంతం, అదే ఓటు చరిత్ర ఉన్నవాళ్లకు వెయిట్, అంటే ఒక్కో జవాబును ఎన్నింతలుగా లెక్కించాలో చెప్పే అంకె, పెంచడం ఇంకో దారి.

జాబితా తాజాదై ఉండాలి. పెన్సిల్వేనియాలో పోలింగ్‌కు 15 రోజుల ముందు దాకా నమోదు సాగుతుంది. 2023 సెప్టెంబరు నుంచి డ్రైవింగ్ లైసెన్సు కోసం వచ్చినవాళ్లను, వద్దంటే తప్ప, అక్కడే ఓటరుగా నమోదు చేస్తున్నారు. జూలైలో తీసిన జాబితాతో అక్టోబరు సర్వే చేస్తే ఈ కొత్త ఓటర్లంతా బయటే ఉండిపోతారు.

ముక్కలు, నంబర్లు

రాష్ట్రాన్ని ప్రాంతాలుగా విడగొట్టి ఒక్కోదానికి ఎన్ని ఇంటర్వ్యూలు కావాలో ముందే రాసుకోండి. పెన్సిల్వేనియాలోని 67 కౌంటీలను ఇలా విడగొట్టవచ్చు: ఫిలడెల్ఫియా నగరం, దాని చుట్టూ ఉన్న బక్స్, ఛెస్టర్, డెలవేర్, మాంట్‌గోమరీ కౌంటీలు, పిట్స్‌బర్గ్ ఉన్న అలెఘెనీ, దాని చుట్టుపక్కల పశ్చిమ కౌంటీలు, అలెన్‌టౌన్ వైపు లీహై లోయ, స్క్రాంటన్ వైపు ఈశాన్యం, లాంకాస్టర్, యార్క్, హారిస్‌బర్గ్ ఉన్న దక్షిణ మధ్యం, వాయవ్య మూలన ఈరీ, మిగిలిన పల్లె మధ్యభాగం. ఈరీ, నార్తాంప్టన్ కౌంటీలు 2016, 2020, 2024లో మూడుసార్లూ రాష్ట్రం ఎటు వెళ్తే అటే వెళ్లాయి. అలాగని వాటిలోనే సర్వే చేసి రాష్ట్రం గురించి చెప్పేయకండి. ఈసారి కూడా అలాగే ఉంటాయన్న హామీ ఎక్కడా లేదు.

ఇంటర్వ్యూలను జనాభాను బట్టి కాకుండా, పోలవుతాయనుకున్న ఓట్ల వాటాను బట్టి పంచాలి. ఫిలడెల్ఫియా, అలెఘెనీలకు తలా పదో వంతు, ఫిలడెల్ఫియా చుట్టూ ఉన్న నాలుగు కౌంటీలకు కలిపి ఐదో వంతు పైన. మొత్తం 800 ఇంటర్వ్యూలు అనుకుంటే ఫిలడెల్ఫియాకు వచ్చేది 80 చిల్లర.

ఇప్పుడు నంబర్ల లెక్క. స్పందన ఒకటిన్నర శాతం ఉంటుందనుకుంటే 800 ఇంటర్వ్యూలకు 53 వేల పైన నంబర్లు కావాలి. 60 వేలు తీసి పెట్టుకోండి. ఇది అతిశయోక్తి కాదు. ప్యూ రీసెర్చ్ సెంటర్ టెలిఫోన్ సర్వేల్లో 1997లో 36 శాతం మంది స్పందించేవారు, 2018 నాటికి అది 6 శాతానికి పడిపోయింది. ఓటర్ల జాబితా మీద చేసే రాష్ట్ర సర్వేల్లో ఇప్పుడు ఒకటి, రెండు శాతం దగ్గర ఉంది.

60 వేల నంబర్లనూ ఒకే లాటరీలో తీస్తే 65 ఏళ్లు దాటిన, ప్రతి ఎన్నికలో ఓటేసే, డిగ్రీ చదివిన ఆడవాళ్లే ఎక్కువగా దొరుకుతారు. తక్కువగా స్పందించే గుంపుల నుంచి నంబర్లు మొదటే ఎక్కువ తీయండి. 25 ఏళ్ల కుర్రాడు 70 ఏళ్ల పెద్దాయనలో మూడో వంతే ఫోన్ ఎత్తుతాడని పాత సర్వేల్లో తేలితే, అతని వయసువాళ్ల నంబర్లు మూడింతలు తీయాలి. తర్వాత వెయిట్లతో సరిదిద్దుకోవచ్చులే అనుకోవడం ఖరీదైన పొరపాటు. వెయిట్ ఎంత పెద్దదైతే ఫలితం అంత ఊగుతుంది.

మొత్తం నంబర్లను ఒకేసారి ఫోన్ చేసేవాళ్ల చేతికి ఇవ్వకండి. చిన్న చిన్న కట్టలుగా చేసి, ఒక్కో కట్టలో రాష్ట్రమంతా సరైన పాళ్లలో ఉండేలా చూసుకుని, ఒకటి పూర్తిగా వాడాకే ఇంకోటి తెరవండి. ఒక్కో నంబరుకు వేర్వేరు రోజుల్లో, వేర్వేరు వేళల్లో కనీసం మూడు నాలుగు సార్లు ప్రయత్నించాలి. మొదటిసారికే ఎత్తేవాళ్లు ఇంటిపట్టున ఉండేవాళ్లు, రాజకీయం మీద ఆసక్తి ఉన్నవాళ్లు. వాళ్లతోనే 800 నింపేస్తే పని తొందరగా అయిపోతుంది, ఫలితం వంకర పోతుంది.

ఫోన్ల రోజులు

నాలుగు నుంచి ఆరు రోజులు పెట్టుకోండి, అందులో ఒక శనివారమో ఆదివారమో తప్పనిసరి. సాయంత్రం 5 నుంచి రాత్రి 9 వరకు మంచి వేళ. ఆదివారం మధ్యాహ్నం ఆ రాష్ట్రం ఫుట్‌బాల్ జట్లు ఈగిల్స్, స్టీలర్స్ మ్యాచ్ ఉంటే ఆ వేళ మగవాళ్లు దొరకరు. పెద్ద వార్త పడిన మర్నాడు మొదలుపెట్టకపోవడం మేలు. తమ అభ్యర్థి డిబేట్‌లో తడబడితే ఆ పార్టీ వాళ్లకు రెండు రోజులు సర్వేవాళ్లతో మాట్లాడబుద్ధి కాదు. చూసేవాళ్లకు అది ఓటర్లు మనసు మార్చుకున్నట్టు కనిపిస్తుంది. అనుమానం వస్తే వెయిటింగ్‌కు ముందు శాంపిల్‌లో నమోదిత డెమోక్రాట్లు, రిపబ్లికన్లు ఎందరున్నారో గత నెల సర్వేతో పోల్చి చూడండి. ఆ పాళ్లు మారి ఉంటే మారింది ఓటర్లు కాదు, ఫోన్ ఎత్తినవాళ్లు.

చట్టం విషయంలో జాగ్రత్త. 1991 నాటి టెలిఫోన్ వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం ముందస్తు అనుమతి లేకుండా సెల్ ఫోన్‌కు రికార్డు చేసిన గొంతుతో కాల్ చేయకూడదు, రాజకీయ సర్వే అయినా సరే. నంబర్ మనిషే నొక్కి, మనిషే మాట్లాడటం క్షేమం. అమ్మకాల ఫోన్లు వద్దన్నవాళ్ల నంబర్లుండే డు నాట్ కాల్ జాబితా సర్వేలకు వర్తించదు గానీ, వద్దు అన్నవాళ్లకు మళ్లీ చేయకండి.

ఫోన్ చేసేవాళ్లకు మొదట నేర్పవలసింది జాబితాలో ఉన్న మనిషితోనే మాట్లాడటం. అవతల ఆయన భార్య ఎత్తి నేను చెబుతానంటే ఒప్పుకోకూడదు. శాంపిల్‌లో ఉన్నది ఆయన వయసు, ఆయన ఓటు చరిత్ర. మన తెలుగు ఇళ్లకు ఫోన్ వెళ్లినప్పుడు ఇంకో చిక్కు. అమెరికా కాగితాల్లో మొదటి పేరు గడిలో వెంకట అనో సాయి అనో పడి ఉంటుంది, తండ్రికీ అదే, కొడుక్కీ అదే. వెంకట ఉన్నారా అని అడిగితే ఆ ఇంట్లో ఎవరిని పిలవాలి? అందుకే జాబితాలోని పుట్టిన సంవత్సరం తెర మీద కనిపించేలా పెట్టి, ఏ సంవత్సరంలో పుట్టారని అడిగి సరిచూసుకోమనాలి. తండ్రీకొడుకుల పేరు ఒకటేగా ఉండే అమెరికన్ ఇళ్లలోనూ ఇదే మందు.

స్పానిష్ మాట్లాడేవాళ్లు ఉండి తీరాలి. రెడింగ్, అలెన్‌టౌన్, హేజిల్‌టన్ ఊళ్లలో లాటినో జనం చాలా ఎక్కువ. ఇంగ్లీషులోనే అడిగితే అక్కడ జవాబిచ్చేది బాగా స్థిరపడినవాళ్లే, వాళ్లతో అందరి లెక్కా కట్టినట్టవుతుంది.

ఫోన్‌తో పాటు టెక్స్ట్ పంపి వెబ్‌లో నింపించుకోవడం ఇప్పుడు మామూలైంది. కుర్రవాళ్లు దానికే పలుకుతారు. అయితే లింకు ఒక మనిషికి ఒక్కసారే పనిచేసేలా ఉండాలి, లేకపోతే ఫార్వర్డ్ అయిపోతుంది. డబ్బిచ్చి నింపించే ఆన్‌లైన్ ప్యానెళ్ల మీద మాత్రం రాష్ట్ర సర్వే నిలబెట్టకండి. ఒక రాష్ట్రంలో వాళ్ల దగ్గరుండే జనం తక్కువ, ఒకళ్లే మళ్లీ మళ్లీ వస్తారు, చూడకుండా టిక్కులు పెట్టేవాళ్లూ ఉంటారు. అలాంటి ఒక ప్యానెల్‌లో 30 ఏళ్ల లోపు వాళ్లలో 12 శాతం మంది తమకు అణు జలాంతర్గామి నడిపే లైసెన్సు ఉందన్నారని ప్యూ బయటపెట్టింది. అణు జలాంతర్గామికి అవునని టిక్కు పెట్టిన వేలే అధ్యక్షుడి పేరు మీదా టిక్కు పెడుతుంది.

ప్రశ్నల వరుస

ఓటు ప్రశ్న ముందుండాలి. ధరలు, సరిహద్దు, గర్భస్రావం గురించి పది ప్రశ్నలడిగి ఆ తర్వాత ఓటెవరికి అంటే ఆ పది ప్రశ్నలూ జవాబును ఒక వైపు నెడతాయి. ముందు అడగడంలో ఇంకో లాభం ఉంది. కొందరు అభ్యర్థి పేరు చెప్పి విసుక్కుని పెట్టేస్తారు. వాళ్ల జవాబును సగంలో ఆగిన ఇంటర్వ్యూ అని పారేయకండి. వాళ్ల వయసు, పార్టీ, ప్రాంతం జాబితాలో ఎలాగూ ఉన్నాయి. అలా పెట్టేసేవాళ్లు ఒకే పార్టీ వైపు ఎక్కువైతే, వాళ్లను తీసేసిన ప్రతిసారీ ఆ పార్టీ బలం తగ్గి కనిపిస్తుంది.

ప్రశ్న ఇలా ఉండవచ్చు: 2024 అధ్యక్ష ఎన్నిక ఈ రోజే జరిగితే మీరు ఎవరికి ఓటేస్తారు, డెమోక్రటిక్ అభ్యర్థి కమలా హారిస్‌కా, రిపబ్లికన్ అభ్యర్థి డోనల్డ్ ట్రంప్‌కా, లిబర్టేరియన్ అభ్యర్థి చేజ్ ఆలివర్‌కా, గ్రీన్ పార్టీ అభ్యర్థి జిల్ స్టైన్‌కా? పెద్ద పార్టీలు రెండింటి వరుసను సగం మందికి తిప్పి చదవాలి. ఆ రాష్ట్రం బ్యాలెట్ మీద ఉన్న పేర్లే చదవాలి. 2024లో రాబర్ట్ కెనడీ జూనియర్ పేరు పెన్సిల్వేనియా బ్యాలెట్ నుంచి తొలగింది, మిషిగన్, విస్కాన్సిన్‌లలో ఉండిపోయింది. రెండు రాష్ట్రాలకు ఒకే ప్రశ్నపత్రం వాడితే ఒకచోట తప్పవుతుంది.

ఇంకా తేల్చుకోలేదన్నవాళ్లను ఎటు మొగ్గుతున్నారని ఇంకోసారి అడిగి, ఆ జవాబును విడిగా గుర్తించి ఉంచండి. పోస్టులో ఓటు పంపేసినవాళ్లను ఎవరికి వేస్తారని కాకుండా ఎవరికి వేశారని అడగాలి. 2019 నాటి చట్టంతో పెన్సిల్వేనియాలో ఎవరైనా కారణం చెప్పకుండా పోస్టులో ఓటేయవచ్చు, కాబట్టి అక్టోబరు సర్వేలో ఇలాంటివాళ్లు చాలామంది తగులుతారు.

ఆ తర్వాత చదువు, జాతి, 2020లో ఎవరికి వేశారన్నది. చదువు ప్రశ్నను ఎప్పుడూ వదలకండి, జాబితాలో అది నమ్మకంగా దొరకదు. మొత్తం 10 నిమిషాలు దాటకూడదు.

వెయిటింగ్: సర్వే నిలిచేదీ కూలేదీ ఇక్కడే

2016లో రాష్ట్ర సర్వేలు ఎందుకు బోల్తా పడ్డాయో అమెరికన్ అసోసియేషన్ ఫర్ పబ్లిక్ ఒపీనియన్ రీసెర్చ్, పొట్టిగా ఆపోర్, విచారించి చెప్పిన కారణాల్లో ఇదొకటి: చాలా రాష్ట్ర సర్వేలు చదువును బట్టి వెయిట్ చేయలేదు. చివరి వారంలో తేల్చుకున్నవాళ్లు ట్రంప్ వైపు ఎక్కువగా మొగ్గడం మరొకటి. డిగ్రీ ఉన్నవాళ్లు సర్వేలకు ఎక్కువ పలుకుతారన్నది ఎప్పటి నుంచో తెలిసిందే. చదువుకూ ఓటుకూ పెద్ద సంబంధం లేనన్నాళ్లూ దానివల్ల నష్టం కనిపించలేదు. 2016లో ఆ సంబంధం బలపడింది, నష్టం బయటపడింది.

ఎంత తేడా వస్తుందో ఊహించిన అంకెలతో చేసి చూద్దాం. మీ శాంపిల్‌లో డిగ్రీ ఉన్నవాళ్లు 52 శాతం, లేనివాళ్లు 48 శాతం వచ్చారు. అసలు ఓటర్లలో ఆ పాళ్లు 38, 62. డిగ్రీ ఉన్నవాళ్లలో డెమోక్రాట్‌కు 57, రిపబ్లికన్‌కు 40. లేనివాళ్లలో 42, 55. వెయిట్ చేయకుండా కూడితే డెమోక్రాట్‌కు 49.8, రిపబ్లికన్‌కు 47.2, అంటే డెమోక్రాట్ 2.6 పాయింట్లు ముందు. ఇప్పుడు డిగ్రీ ఉన్న ఒక్కొక్కరికి 38ని 52తో భాగించి 0.73, లేనివాళ్లకు 62ని 48తో భాగించి 1.29 వెయిట్ ఇవ్వండి. డెమోక్రాట్‌కు 47.7, రిపబ్లికన్‌కు 49.3. రిపబ్లికన్ 1.6 ముందు. ఒక్క జవాబు కూడా మారలేదు, గెలిచేవాళ్లు మారిపోయారు.

నిజంగా చేసేటప్పుడు చదువొక్కటే చాలదు. వయసు, ఆడా మగా, జాతి, ప్రాంతం, నమోదిత పార్టీ, ఓటు చరిత్ర అన్నీ కలవాలి. చదువునూ జాతినీ జంటగా పెట్టండి, ఎందుకంటే డిగ్రీ లేని తెల్లవాళ్లు, డిగ్రీ లేని నల్లవాళ్లు ఒకేలా ఓటు వేయరు. ఇన్నింటినీ ఒకేసారి కుదర్చడానికి రేకింగ్ అనే పద్ధతి వాడతారు. మొదట వయసు పాళ్లు సరిచేస్తారు, తర్వాత చదువు, అప్పుడు వయసు కొంచెం చెదురుతుంది, మళ్లీ వయసుకు వస్తారు. కదలిక ఆగేదాకా తిరుగుతూనే ఉంటారు. ఆర్ అనే గణాంకాల సాఫ్ట్‌వేర్‌లోని సర్వే ప్యాకేజీ ఈ పని క్షణంలో చేస్తుంది. మీరు చూడవలసింది చివరి వెయిట్లు. ఎవరికైనా 5 దాటిందంటే ఒక్క మనిషి ఐదుగురి మాట మాట్లాడుతున్నాడన్నమాట. అక్కడ కోత వేయండి, వేసిన చోటు రాసిపెట్టుకోండి.

నమోదిత పార్టీతో ఒక జాగ్రత్త. పెన్సిల్వేనియాలో నమోదిత డెమోక్రాట్ల ఆధిక్యం ఒబామా గెలిచిన రోజుల్లో 10 లక్షలు దాటేది, 2024 నాటికి 3 లక్షల దరిదాపులకు తగ్గింది. గ్రీన్, ఫాయెట్, వెస్ట్‌మోర్‌ల్యాండ్ లాంటి పశ్చిమ కౌంటీల్లో గనుల కాలం నుంచి డెమోక్రాట్లుగా నమోదై, ఏళ్ల తరబడి రిపబ్లికన్లకే ఓటేస్తున్నవాళ్లు ఉన్నారు. ఫిలడెల్ఫియా శివార్లలో దీనికి తిరగబడిన కథ. అందుకే పార్టీని రాష్ట్రం మొత్తానికి ఒక్క అంకెగా కాకుండా ప్రాంతంతో జంటగా సరిచేయండి.

గత ఎన్నికలో ఎవరికి వేశారో అడిగి దాన్ని బట్టి వెయిట్ చేయడం మీద నిపుణుల్లోనే ఏకాభిప్రాయం లేదు. 2020లో బాగా పేరున్న ఒక సర్వే చివరి వారంలో విస్కాన్సిన్‌లో బైడెన్‌కు 17 పాయింట్ల ఆధిక్యం చూపింది, ఆయన గెలిచింది 20,682 ఓట్లతో. చదువు లెక్క సరిగ్గా ఉన్నా, సర్వేలంటేనే నమ్మకం లేని ట్రంప్ ఓటర్లు దొరకడం లేదని అప్పుడు గట్టిగా అనిపించింది. పాత ఓటు వెయిట్ ఆ చిల్లును కొంత పూడుస్తుంది. అయితే కొందరు తాము వేసింది మర్చిపోయి గెలిచినవాళ్ల పేరు చెబుతారు. పైగా ప్రతి సర్వేనూ పాత ఫలితం దగ్గరికే లాగుతుంది, నిజంగా గాలి మారితే పట్టుకోలేదు. దీని మీద మా అభిప్రాయం: రెండు రకాలుగానూ లెక్క కట్టండి. తేడా రెండు పాయింట్లు దాటితే ముందు ఆ తేడా ఎక్కడి నుంచి వచ్చిందో వెతకండి.

వెయిటింగ్ పద్ధతిని ఫోన్లు మొదలుపెట్టక ముందే కాగితం మీద పెట్టి తేదీ వేయండి. 2016 సెప్టెంబరులో న్యూయార్క్ టైమ్స్ తన ఫ్లోరిడా సర్వేలోని 867 మంది జవాబులను అలాగే నాలుగు నిపుణుల బృందాలకు ఇచ్చింది. ఒకరికి క్లింటన్ 4 పాయింట్లు ముందు, ఒకరికి 3, ఒకరికి 1, ఇంకొకరికి ట్రంప్ 1 పాయింటు ముందు వచ్చారు. అందరూ నిజాయితీపరులే, జవాబులూ అవే. ఫలితం చూశాక పద్ధతి ఎంచుకునే అవకాశం ఉంటే మనకు తెలియకుండానే మిగతా సర్వేలకు దగ్గరగా ఉన్న అంకెనే ఎంచుకుంటాం. అందరూ అదే చేస్తే పది సర్వేలు ఒకే మాట చెబుతాయి, పదీ కలిసి ఒకేసారి తప్పుతాయి.

ఎవరు నిజంగా వెళ్లి ఓటేస్తారు

తప్పకుండా ఓటేస్తానని దాదాపు అందరూ అంటారు. ఆ మాట ఒక్కటే నమ్మితే పోలింగ్ 90 శాతం దాటాలి. జాబితాలోని చరిత్ర చూడండి: 2020లో వేశారా, 2022లో వేశారా, 2023 స్థానిక ఎన్నికల్లో, పార్టీలు తమ అభ్యర్థిని ఎంచుకునే 2024 ఏప్రిల్ ప్రైమరీలో వేశారా. దాన్ని బట్టి ఒక్కొక్కరికి సున్నా నుంచి ఒకటి దాకా ఓటేసే అవకాశం కట్టి, దాన్ని వెయిట్‌తో గుణించండి. ఫలానా గీతకు పైన ఉన్నవాళ్లే ఓటర్లు, కిందివాళ్లు కారు అని తెగ్గొట్టే పాత పద్ధతి కంటే ఇది నయం. అధ్యక్ష ఎన్నికకు మాత్రమే వచ్చేవాళ్లు లక్షల్లో ఉంటారు, వాళ్లను గీత కింద పడేస్తే ఆ రాష్ట్రమే మారిపోతుంది. ఓటు పంపేసినట్టు కౌంటీ రికార్డులో ఉన్నవాళ్లకు అవకాశం ఒకటి.

మార్జిన్ ఆఫ్ ఎర్రర్‌ను నిజంగా చెప్పడం

కొందరినే అడిగినందువల్ల సర్వే అంకె అసలు అంకెకు ఎంత అటూ ఇటూ ఉండవచ్చో చెప్పేది మార్జిన్ ఆఫ్ ఎర్రర్. 800 మందికి పాఠ్యపుస్తకం లెక్క ప్లస్ ఆర్ మైనస్ 3.5 పాయింట్లు. ఇది వెయిట్లు లేని సర్వేకి. వెయిట్ల వల్ల శాంపిల్ బలం తగ్గుతుంది. ఆ తగ్గుదలను డిజైన్ ఎఫెక్ట్ అంటారు. అది 1.4 ఉంటే మీ 800 మంది 571 మందితో సమానం, మార్జిన్ 4.1. ఇది ఒక్కో అభ్యర్థి అంకెకు. ఇద్దరి మధ్య ఆధిక్యానికి దాదాపు రెట్టింపు, 8 పాయింట్లు. 48, 47 అని వచ్చిన సర్వేను చూసి ఫలానావాళ్లు ముందున్నారని శీర్షిక పెట్టకూడదన్నది ఇందుకే. ఆధిక్యాన్ని ఒక్క పాయింటు లోపల పట్టుకోవాలంటే వెయిట్లు లేకుండానే 38 వేల ఇంటర్వ్యూలు పైన కావాలి. ఎవరూ చేయరు.

అంత చేసినా జవాబివ్వనివాళ్ల సమస్య తీరదు. 1936లో లిటరరీ డైజెస్ట్ పత్రిక సుమారు కోటి మందికి బ్యాలెట్లు పంపి, 20 లక్షలకు పైగా జవాబులు తెచ్చుకుని, రిపబ్లికన్ అభ్యర్థి లాండన్ గెలుస్తాడంది. రూజ్‌వెల్ట్ 48 రాష్ట్రాల్లో 46 గెలిచారు. మార్జిన్ ఆఫ్ ఎర్రర్ ఇలాంటి తప్పును కొలవదు. ఫిలడెల్ఫియాలోని 82 మంది అంకెలను విడిగా ప్రకటిస్తే అక్కడ మార్జిన్ 11 పాయింట్లు. 100 మంది లోపు ఉన్న ఏ గుంపు అంకెనూ బయటపెట్టకండి.

తెలుగువాళ్లు ఎటున్నారని అడిగేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. 800 మంది రాష్ట్ర శాంపిల్‌లో తెలుగు ఓటర్లు వేళ్ల మీద లెక్కించేంత మందే వస్తారు. ఓటర్ల జాబితాలో మాతృభాష ఉండదు. ఇంటిపేర్లు చూసి ఏరితే షేక్‌లు, జాన్‌లు, పాల్‌లు అయిన తెలుగువాళ్లు జారిపోతారు, కన్నడిగులు, తమిళులు కలిసిపోతారు. సంఘాల వాట్సాప్ గ్రూపులో పెట్టిన పోల్ ఆ గ్రూపు సంగతే చెబుతుంది. భారతీయ అమెరికన్ల మీద విడిగా చేసిన సర్వేలు ఉన్నాయి, కార్నెగీ సంస్థ 2020లోనూ 2024లోనూ చేసింది. అవి దేశం మొత్తానికి చేసినవి, రాష్ట్రాలకు విడగొట్టడానికి పనికిరావు.

ప్రకటించేటప్పుడు

మన దగ్గర ప్రజాప్రాతినిధ్య చట్టం 126ఏ సెక్షన్ పోలింగ్ ముగిసేదాకా ఎగ్జిట్ పోల్ ఫలితాలను ఆపుతుంది. అమెరికాలో సర్వేల మీద అలాంటి నిషేధం లేదు, పోలింగ్ ముందురోజు కూడా ప్రకటించవచ్చు. ఆపేవాళ్లు లేరు కాబట్టి వివరాలు చెప్పే బాధ్యత మీదే. డబ్బెవరిచ్చారు, ఏ తేదీల్లో చేశారు, ఏ జాబితా, ఫోనా టెక్స్టా, ఏ భాషల్లో, ఎంతమంది, ప్రశ్నలు ఉన్నవి ఉన్నట్టు, దేనిదేని మీద వెయిట్ చేశారు, డిజైన్ ఎఫెక్ట్ కలిపిన మార్జిన్ ఎంత. ఆపోర్ పారదర్శకత కార్యక్రమం అడిగే వివరాలు దాదాపు ఇవే. నమోదిత ఓటర్లందరి ఫలితాన్నీ, ఓటేస్తారనుకున్నవాళ్ల ఫలితాన్నీ పక్కపక్కన ఇవ్వండి.

మీ అంకె అందరికంటే వేరుగా వస్తే? ముందు తప్పులు వెతకండి: ఒకే మనిషి రెండుసార్లు లెక్కలోకి వచ్చాడా, ఇద్దరు అభ్యర్థుల కోడ్‌లు తారుమారయ్యాయా, ఒక కాల్ సెంటర్ షిఫ్టులో మాత్రమే తేడా ఉందా, ఏదైనా ప్రాంతం పాళ్లు తప్పాయా. రికార్డు చేసిన కాల్స్‌లో కనీసం పదో వంతు వినండి. ఏ తప్పూ దొరక్కపోతే వచ్చింది వచ్చినట్టే ప్రకటించాలి. 2024 నవంబరు 2న అయోవాలో సర్వేలు చేసే ఆన్ సెల్జర్ తన సర్వేలో హారిస్ 3 పాయింట్లు ముందున్నారని ప్రకటించారు, ట్రంప్ 13 పాయింట్లతో గెలిచారు. వయసు, ఆడా మగా, అమెరికా కాంగ్రెస్ నియోజకవర్గం మీద మాత్రమే వెయిట్ చేసే ఆ పద్ధతి 2016లో, 2020లో మిగతావాళ్లు తప్పిన చోట నిలబడింది, 2024లో పడింది. పెద్దగా తప్పిన సర్వే అది, అయినా ఆమె అంకెను దాచలేదు, పక్కవాళ్లను చూసి దిద్దలేదు. ఎక్కడ తప్పిందో తర్వాత ఎవరైనా వెతకగలిగారంటే అందుకే.

ఫలితాలు వచ్చాక పని ఒకటి మిగిలి ఉంటుంది. కొన్ని నెలలకు 2024లో ఎవరు ఓటేశారన్న చరిత్ర జాబితాలోకి ఎక్కుతుంది. మీరు ఫోన్ చేసిన 60 వేల మందినీ దానితో కలిపి చూడండి. ఎత్తినవాళ్లలో ఎందరు వేశారు, ఎత్తనివాళ్లలో ఎందరు వేశారు, ఏ కౌంటీలో, ఏ వయసులో తేడా పెద్దగా ఉంది. తర్వాతి ఎన్నికకు ఏ గుంపు నుంచి ఎన్ని నంబర్లు తీయాలో ఆ పట్టిక చెబుతుంది.